ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఎంచుకుందాం – 3వ పాఠం: కోడ్ సరే, డేటా సంగతి?

గత పాఠంలో ఎంఐటీ, అపాచీ 2.0, జీపీఎల్ అనే లైసెన్సుల (మీ పనిని ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే పత్రాల) తేడాలు చూశాం. అవన్నీ కోడ్ కోసం. డేటా దగ్గరికొచ్చేసరికి చాలామంది తడబడతారు.

విశాఖ సిటీ బస్సులకి ఒక యాప్ రాశారనుకోండి. కోడ్ మీదే. దాంతోపాటు మద్దిలపాలెం, జగదాంబ, ఎన్‌ఏడీ, గాజువాక... ఇలా స్టాపుల పేర్లు, అక్షాంశ రేఖాంశాలతో ఒక పట్టిక ఉంది. రెండింటినీ ఒకే రిపాజిటరీలో (ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉంచే చోటు) పెట్టి ఎంఐటీ లైసెన్స్ ఫైలు తగిలిస్తే కోడ్‌కి చాలు. పట్టిక సంగతి మాత్రం తేలదు, ఎంఐటీ రాసిందే సాఫ్ట్‌వేర్ కోసం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రోగ్రాములతో పాటు డేటాబేసుల్నీ సాహిత్య రచనల్లోనే చేర్చింది. (బస్‌స్టాపుల పట్టిక సాహిత్యమేంటని నవ్వొస్తే నవ్వుకోండి.) ఫలానా స్టాపు ఫలానా చోట ఉందన్న విషయం ఎవరి సొత్తూ కాదు. ఏరి కూర్చిన పట్టికకు మాత్రం హక్కులు ఉండొచ్చు. అందుకే దానికి విడిగా లైసెన్స్ రాయాలి.

రాసేముందు ఒకటి తేల్చుకోండి: ఈ డేటా ఎక్కణ్నుంచి వచ్చింది?

ఫోన్ పట్టుకుని స్టాపు స్టాపుకీ మీరే తిరిగి నమోదు చేసుకుంటే ఇష్టం మీది. క్రియేటివ్ కామన్స్ (సీసీ) అనే సంస్థ తయారుచేసిన వాటిలో, ఎవరేం చేసుకున్నా పర్లేదనుకుంటే సీసీ జీరో, మీ పేరు చెప్పి వాడుకోమనాలంటే సీసీ బై 4.0. ‘వ్యాపారానికి వాడొద్దు’ అనే ఎన్‌సీ రకం జోలికి పోవద్దని నా సలహా. ప్రకటనలతో నడిచే చిన్న యాప్ వ్యాపారమా కాదా అన్న దగ్గరే తగువు మొదలవుతుంది. పైగా ఆ షరతుంటే దాన్ని ఓపెన్ డేటా (ఎవరైనా దేనికైనా వాడుకోగల డేటా) అనరు.

అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి దించుకున్నారా? అది 2012 నుంచి ఓడీబీఎల్ అనే, డేటాబేసుల కోసం రాసిన లైసెన్స్ కింద ఉంది. దాన్ని సరిదిద్ది, మీ స్టాపులు కలిపి విడుదల చేసే డేటాబేసు కూడా ఓడీబీఎల్ కిందే ఉండాలి, మూలం పేరు చెప్పాలి. దానిమీద సీసీ జీరో అని రాసే హక్కు మీకుండదు. ఈ షరతు కోడ్‌ని ముట్టుకోదు, అది ఎంఐటీలోనే హాయిగా ఉండొచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో చూసి ఒక్కొక్కటీ ఎక్కించుకున్నదైతే మాత్రం వాళ్ల నిబంధనలు ఒప్పుకోవు, తీసేయండి.

కోడ్‌కి సీసీ బై పెట్టేవాళ్లూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్‌కి వద్దని క్రియేటివ్ కామన్స్ వాళ్లే చెబుతారు.

అభ్యాసం: మీ ప్రాజెక్టులో కోడ్, డేటా వేరువేరు ఫోల్డర్లు చేసి, దేని లైసెన్స్ దాంట్లో పెట్టండి. డేటా ఫైలు ప్రతిదానికీ ఎక్కడిదో ఒక వాక్యం రాయండి. రాయలేని ఫైలుంటే విడుదల చేయకుండా పక్కన పెట్టండి. కాలేజీ ప్రాజెక్టులో, ఆఫీసు పనిలో రాసిన కోడ్‌పై హక్కెవరిదన్నది 4వ పాఠం.