మలేరియా ప్రాంతానికి ఏళ్ల తర్వాత తిరిగి వెళ్తున్నారా?

నేను ల్యాబ్‌లో రక్తపు స్లయిడ్లు చూసే మనిషిని. మలేరియా ఏటా వచ్చే చోటే పుట్టి పెరిగాను. “మాకు చిన్నప్పుడే వచ్చి పోయింది, ఇక ఏమీ చేయదు” అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఎనిమిదేళ్లు బయట ఉండి తిరిగి వెళ్లినప్పుడు నేనూ అదే ధీమాతో నివారణ మాత్రలు వేసుకోలేదు. పన్నెండో రోజున పళ్లు టకటకలాడే చలి పట్టుకుంది. నా స్లయిడ్ నేనే చూసుకున్నాను. ఎక్కడ చూసినా చిన్న చిన్న ఉంగరాలు, వాటికి ఎర్రని చుక్క. అవే పరాన్నజీవులు.

అంతకు కొన్నాళ్ల ముందు, అక్కడే ఉండిపోయిన ఒక పెద్దాయన కాలి పుండు చూపించుకోవడానికి వచ్చి రక్తం ఇచ్చాడు. మైక్రోస్కోపు కింద స్లయిడ్‌ను జరుపుతూ వంద చోట్ల వెతికితే రెండే రెండు ఉంగరాలు దొరికాయి. జ్వరం లేదు, నీరసం లేదు. మలేరియా చోట ఉండేవారికి వచ్చే రోగనిరోధక శక్తి అంటే అదే. క్రిమి ఒంట్లో చేరకుండా ఆపదు, చేరినా జబ్బు ముదరనివ్వదు.

అది ఊరికే రాదు. మలేరియా రకాల్లో అతి ప్రమాదకరమైన ఫాల్సిపారమ్ క్రిమి తాను దూరిన ఎర్రకణం మీద ఒక ప్రోటీన్‌ను పైకి పెడుతుంది. దానికి రకరకాల రూపాలిచ్చే జన్యువులు దాని దగ్గర 60 దాకా ఉన్నాయి. శరీరం ఒక వేషాన్ని గుర్తుపట్టేలోపు ఇంకో వేషం కడుతుంది. అందుకే ప్రాణం తీసే మలేరియా నుంచి రక్షణ కొన్ని జ్వరాలతోనే వచ్చినా, మామూలు జ్వరం కూడా రాకుండా ఉండాలంటే ఏళ్ల తరబడి దోమకాట్లు పడాలి. అక్కడ పిల్లలు ఎక్కువగా చనిపోయేది ఆ రక్షణ ఇంకా రాని తొలి ఏళ్లలోనే. 1961లో గాంబియాలో పెద్దల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలను (క్రిమితో పోరాడేందుకు శరీరం తయారుచేసుకునే ప్రోటీన్లను) జబ్బుపడ్డ పిల్లలకు ఎక్కిస్తే క్రిములు బాగా తగ్గాయి. కాబట్టి ఆ శక్తి ఉన్నమాట నిజమే. కాట్లు ఆగితే సన్నగిల్లుతుందన్నదీ అంతే నిజం.

ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష ఆస్పత్రిలో దొరకదు. నా లెక్క ఒకటే: ఏడాది దాటి బయట ఉన్నవారు తమను కొత్తవారిగానే చూసుకోవాలి. బయట పుట్టిన మీ పిల్లలకు మీ శక్తి రాదు. తల్లి నుంచి వచ్చే యాంటీబాడీలు పుట్టిన కొద్ది నెలలకే అయిపోతాయి. గర్భిణులైతే ప్రయాణం మానుకోవడమే మేలు. మాయలో తిష్ఠవేసే రకం క్రిమిని అంతకుముందు శరీరం ఎరగదు కాబట్టి, అక్కడే ఉండే స్త్రీలకు కూడా తొలి కాన్పులో ముప్పు ఎక్కువ.

వెళ్లేముందు డాక్టరును కలిసి నివారణ మాత్రలు అడగండి. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ అయితే ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక ఏడు రోజులు వేసుకోవాలి. డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక నాలుగు వారాలు. చాలామంది ఇల్లు చేరగానే ఆపేస్తారు. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. మందు పట్టించిన దోమతెర కట్టుకోండి, చుట్టాలు నవ్వినా సరే.

చేరిన ఏడో రోజు నుంచి, తిరిగొచ్చిన మూడు నెలల వరకు ఏ జ్వరం వచ్చినా మలేరియా అనే అనుకుని అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. మలేరియాలో వైవాక్స్ అనే ఇంకో రకం కాలేయంలో దాక్కుని ఇంకా ఆలస్యంగా కూడా బయటపడుతుంది. మొదటి స్లయిడ్‌లో ఏమీ లేదంటే ఊరుకోకండి, 12 నుంచి 24 గంటల్లో మళ్లీ ఇవ్వండి. మాట తడబడటం, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం కనిపిస్తే ల్యాబ్‌కు కాదు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

నాలా ల్యాబ్‌లో పనిచేసేవారికి ఒక మాట. అక్కడే ఉండేవారి రక్తంలో రెండు ఉంగరాలు కనిపించినంత మాత్రాన జ్వరానికి కారణం దొరికిపోయినట్టు కాదు. మలేరియా మందు ఇస్తూనే వేరే కారణమూ వెతకమని డాక్టరుకు చెప్పండి. బయటి నుంచి వచ్చినవారిలో అవే రెండు ఉంగరాలు కనిపిస్తే ఆ క్షణమే ఫోను చేయండి. ఈ తేడా తెలియాలంటే పరీక్ష చీటీ మీద పేరు, వయసుతో పాటు “ఎన్నేళ్లుగా ఎక్కడ ఉంటున్నారు” అని కూడా రాయించుకోండి. నా చీటీ మీద ఆ రోజు ఎవరూ రాయలేదు, నేను కూడా.