బొమ్మ చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: ఆ అరుపు ఎవరిది?

స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1650లో వేసిన పోప్ పదో ఇన్నోసెంట్ బొమ్మనీ, దాని ఆధారంగా బ్రిటిష్ చిత్రకారుడు ఫ్రాన్సిస్ బేకన్ 1953లో వేసిన బొమ్మనీ పక్కపక్కన పెట్టి, ఎవరి నుంచి ఏం వచ్చిందో రాయమన్నాను కదా. బేకన్ బొమ్మలో పోప్ నోరు తెరిచి అరుస్తున్నాడు. చాలామంది 'ఆ అరుపు వెలాస్కెజ్‌దే' అని రాశారు. ఇది తేలకుండా ముందుకెళితే లాభం లేదు కాబట్టి, ఈసారి అనుకున్న ఫ్రెంచి శిల్పి రొదాన్ శిల్పాలు వచ్చే పాఠంలో చూద్దాం.

వెలాస్కెజ్ పోప్ నోరు ఒక్కసారి దగ్గరగా చూడండి. మీసం కింద పెదవులు బిగించి ఉన్నాయి. చూపు మాత్రం సూటిగా, అనుమానంగా మన మీదే ఉంది. అరుపు అక్కడ లేనే లేదు. లేనిది అక్కడి నుంచి ఎలా వస్తుంది? అది సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ 1925లో తీసిన 'బ్యాటిల్‌షిప్ పొటెమ్కిన్' సినిమా నుంచి వచ్చింది. అందులో ఒడెస్సా నగరపు మెట్ల మీద, పగిలిన కళ్లద్దాలతో, ముఖమంతా రక్తంతో నోరు తెరిచిన ఆవిడ స్టిల్ అంటే బేకన్‌కి ప్రాణం. వెలాస్కెజ్ దగ్గర తీసుకున్నవి కుర్చీ, కూర్చున్న తీరు, దుస్తులు. ఆ దుస్తుల్లోనూ ఎరుపు పోయి ఊదా వచ్చింది.

బేకన్ బొమ్మ పేరులోనే 'వెలాస్కెజ్' అని ఉంది కాబట్టి అన్నీ ఆయన ఖాతాలో వేసేయడం నాకు అస్సలు నచ్చదు. ఒక బొమ్మకి నలుగురు పూర్వీకులు ఉండొచ్చు. అందుకే నేను పోలికల జోలికి తర్వాత వెళ్తాను, ముందు తేడాలు రాసుకుంటాను.

ఇంకో ప్రశ్న కూడా తప్పనిసరి: పాత బొమ్మని చిత్రకారుడు ఏ రూపంలో చూశాడు? బేకన్ పనిచేసింది అచ్చు ఫొటోలతో. 1954లో రోమ్‌లో ఉండి కూడా అసలు బొమ్మ చూడటానికి వెళ్లలేదు. అలాగే ఫ్రాన్స్‌లోని సెయింట్ రెమీలో చిత్రకారుడు వాన్ గో ఎదురుగా పెట్టుకుని మళ్లీ వేసిన, ఫ్రెంచి చిత్రకారుడు మిలే బొమ్మలు నలుపు తెలుపు ప్రింట్లే. కాబట్టి గీతలు మిలేవి, రంగులు వాన్ గోవి.

అభ్యాసం. ఇటలీ చిత్రకారుడు రఫేల్ కూర్పు ఆధారంగా రైమొండీ అచ్చు కోసం చెక్కిన 'పారిస్ తీర్పు' (పారిస్ ఇక్కడ గ్రీకు కథల్లోని రాకుమారుడు, నగరం కాదు) ప్రింటులో కుడివైపు కింద కూర్చున్న ముగ్గురిని ట్రేసింగ్ పేపర్ మీద గీయండి. ఫ్రెంచి చిత్రకారుడు మానే 1863 నాటి 'గడ్డి మీద భోజనం'లో ముందు కూర్చున్న ముగ్గురినీ అలాగే గీసి, ఒకదాని మీద ఒకటి పెట్టండి. మోకాలి మీద మోచెయ్యి ఆనించి మనవైపు చూసే స్త్రీతో మొదలుపెడితే సులువు. తర్వాత మానే బొమ్మ ఆధారంగా పికాసో 1959–62 మధ్య వేసిన వాటిలో ఒకటి తీసుకుని, ముగ్గురిలో ఎవరు మిగిలారో రాయండి. ప్రతి తేడాకీ మూలం వెతకండి. దొరక్కపోతే ఊహించకుండా ఖాళీ వదిలేయండి.