సంక్రాంతి మూకుడు పెట్టే ముందు: షుగర్ ఉన్న ఇంట్లో నూనె జాగ్రత్తలు

సంక్రాంతికి పది రోజుల ముందే పిండివంటల హడావుడి మొదలవుతుంది. బియ్యం నానబోయడం, పిండి పట్టించడం, బెల్లం పాకం, జంతికల గొట్టాలు, సకినాల కోసం పరిచిన తెల్లని బట్టలు. షుగర్ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఈ సందడిలోనే ఒక ఒప్పందం కూడా కుదురుతుంది. "అమ్మకు అరిసెలు వద్దు, జంతికలు పెట్టండి. వాటిలో తీపి లేదుగా!"

మా ఇంట్లో ఈ ఒప్పందం చాలా ఏళ్లు నడిచింది. ఒక కనుమ నాడు మా అమ్మ తీపి ముట్టలేదు. నాలుగు గారెలు, నాటుకోడి పులుసు, కొద్దిగా అన్నం, సాయంత్రం గుప్పెడు జంతికలు తిన్నది. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు మీటరు 158 చూపించింది. అందరం సంతోషించాం. మర్నాడు పరగడుపున చూస్తే 236. "నేను అరిసె వంక కూడా చూడలేదు" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మేము తీపిని లెక్కపెట్టాం, నూనెను లెక్కపెట్టలేదు.

పిండి పదార్థాల ప్రభావం గంట, రెండు గంటల్లో మీటరు మీద కనిపిస్తుంది. వాటికి కొవ్వు తోడైతే కడుపు ఆహారాన్ని పేగుల్లోకి నెమ్మదిగా వదులుతుంది. అందువల్ల రెండు గంటలప్పుడు అణిగి ఉన్న షుగర్ నాలుగైదు గంటలకు పైకి లేస్తుంది, కొందరిలో రాత్రంతా దిగకుండా నిలబడుతుంది. దీనికి తోడు రక్తంలో కొవ్వు ఆమ్లాలు పెరిగినప్పుడు కండరాలు చక్కెరకు బదులు వాటినే ఇంధనంగా వాడుకుంటాయి, ఇన్సులిన్‌కు సరిగా స్పందించవు. కొవ్వుకూ చక్కెరకూ మధ్య ఈ పోటీని బ్రిటన్ శాస్త్రవేత్త ఫిలిప్ రాండల్, ఆయన సహచరులు 1963లోనే వివరించారు. రోజూ ఇలాగే మోతాదు మించి తింటూ ఉంటే మిగిలిన కొవ్వు కాలేయంలో పేరుకుంటుంది. అలా కొవ్వు పట్టిన కాలేయం, మనం ఏమీ తినని రాత్రి వేళ కూడా చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది.

కాబట్టి మొదటి జాగ్రత్త మీటరు విషయంలోనే. పండుగ రోజుల్లో రెండు గంటల పరీక్ష ఒక్కటే చూసి ధైర్యపడవద్దు. వేపుళ్లు, మాంసం, నెయ్యి ఉన్న భోజనం చేసిన రోజున నాలుగైదు గంటలకు మరోసారి, మర్నాడు పరగడుపున ఇంకోసారి చూసుకోండి. రెండు, మూడు రోజులు ఇలా చూస్తే మీ ఒంటికి ఏది పడుతుందో, ఏది పడదో తెలిసిపోతుంది. పరీక్ష పట్టీలు అయిపోతే పండుగ రోజున దుకాణం తెరిచి ఉండకపోవచ్చు. అవీ, మాత్రలూ భోగికి ముందే తెచ్చిపెట్టుకోండి.

ఇన్సులిన్ వేసుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. భోజనానికి ముందు వేసుకునే త్వరగా పనిచేసే ఇన్సులిన్ తన సమయానికి పని మొదలుపెడుతుంది. నూనెతో నిండిన భోజనం మాత్రం ఆలస్యంగా అరుగుతుంది. ఫలితంగా ముందు షుగర్ పడిపోయి, తర్వాత ఎక్కువ అవుతుంది. రాత్రి పదకొండుకు పెరిగిన అంకె చూసి కంగారుగా అదనపు డోసు వేసుకుంటే తెల్లవారుజామున షుగర్ పడిపోయే ప్రమాదం ఉంది. విందు రోజున డోసు ఎలా సర్దుకోవాలో పండుగకు ముందే వైద్యుణ్ణి అడిగి కాగితం మీద రాయించుకోండి.

షుగర్ పడిపోయినప్పుడు జరిగే పొరపాటు ఒకటుంది. మీటరు 70 కంటే తక్కువ చూపి, చెమటలు, వణుకు వస్తుంటే ఇంట్లోవాళ్లు చేతికి అందిన తీపిని, అంటే సున్నుండనో, పాలకోవానో, చాక్లెట్‌నో నోట్లో పెడతారు. వాటిలోని నెయ్యి, వెన్న ఆ తీపిని త్వరగా రక్తంలోకి చేరనివ్వవు. ఆ సమయంలో కావలసింది కొవ్వు లేని చక్కెర. మూడు చిన్న చెంచాల గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి ఇవ్వండి. పావుగంట ఆగి మళ్లీ మీటరు చూడండి. అప్పటికీ 70 దాటకపోతే మరోసారి ఇవ్వండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గ్లూకోజు డబ్బా ఎక్కడ ఉందో చుట్టాలందరికీ తెలిసేలా వంటింటి అలమరలో ముందువరసలో పెట్టండి.

ఇక నూనె లెక్క. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచనల ప్రకారం ఎక్కువ శారీరక శ్రమ లేని పెద్దవారికి నూనె, నెయ్యి, వెన్న అన్నీ కలిపి రోజుకు 20 నుంచి 30 గ్రాములు చాలు. ఒక చిన్న చెంచాకు దాదాపు 5 గ్రాములు వస్తుంది కనుక, అంటే నాలుగు నుంచి ఆరు చెంచాలు. తలకు 25 గ్రాముల చొప్పున నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోలు, సుమారు మూడుంపావు లీటర్లు. మీ ఇంటికి నెలకు ఎన్ని పాకెట్లు వస్తున్నాయో ఒకసారి లెక్క వేయండి. నేను లెక్క వేసిన నెలలో మా ఇంట్లో నలుగురికి ఆరు లీటర్లు అయింది, అదీ పండుగ లేని నెలలో!

గ్రాము పిండి పదార్థం 4 కేలరీలు ఇస్తే గ్రాము కొవ్వు 9 ఇస్తుంది. ఒక అరిసె రెండు చెంచాల నూనె పీల్చుకుంటే బెల్లం, బియ్యప్పిండి లెక్క అలా ఉంచి నూనె నుంచే 90 కేలరీలు వస్తాయి. అందుకే 'షుగర్ లేని స్వీట్లు' అన్న బోర్డు చూసి మోసపోకండి. పంచదార తీసేసినా నెయ్యి అలాగే ఉంటుంది, ఒక్కోసారి రుచి కోసం ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

వంట దగ్గర చేయగలిగింది చాలా ఉంది, అదీ మన పెద్దలకు తెలిసిన పద్ధతులతోనే. పిండి జారైతే గారె నూనె పీలుస్తుంది. మినప్పప్పు రుబ్బేటప్పుడు నీళ్లు చిలకరించినట్టు మాత్రమే పోయండి. నూనె సరిగా కాగకముందే వేసినా, ఒకేసారి మూకుడు నిండా వేసి వేడి తగ్గించినా అంతే. అలాగని పొగలు వచ్చేదాకా కాచకూడదు. చిన్న పిండిముద్ద వేస్తే వెంటనే పైకి తేలాలి, అది చాలు. అరిసెను తీసిన వెంటనే అరిసెల చెక్కల మధ్య గట్టిగా నొక్కి నూనె వార్చడం పాత అలవాటు. ఇప్పుడు చాలా ఇళ్లలో ఆ చెక్కలు అటకెక్కాయి, దించండి. జంతికల పిండిలో వెన్న, వేడి నూనె గరిటెలకొద్దీ పోస్తే కరకరలాడతాయి నిజమే, కానీ ఆ కొవ్వంతా లోపలే ఉంటుంది. సకినాల్లోని నువ్వుల్లో సగం దాకా నూనే ఉంటుంది. ఆ నూనె మంచిదే అయినా లెక్కలోకి వస్తుంది.

ఏ నూనె వాడాలి? ఒకే నూనెను పట్టుకుని ఉండవద్దు. వేరుశనగ, నువ్వుల నూనెల్లో సంతృప్త కొవ్వు (ఎక్కువైతే గుండెకు చేటు చేసే రకం) సుమారు ఐదో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో సగానికి పైగా, కొబ్బరి నూనెలో 90 శాతం దాకా ఉంటుంది. రోజు మొత్తం కేలరీల్లో సంతృప్త కొవ్వు వాటా 10 శాతం మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. షుగర్ ఉన్నవారికి గుండె జబ్బు ముప్పు ఎలాగూ ఎక్కువ కనుక ఈ హద్దు వారికి మరీ ముఖ్యం. వేడి అన్నంలో ఒక చెంచా నెయ్యి వేసుకోవద్దని నేను చెప్పను. బొబ్బట్టు మీద గరిటెతో పోసే నెయ్యి గురించే నా బాధంతా.

వనస్పతి జోలికి మాత్రం వెళ్లకండి. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వులు (నూనెను వనస్పతిగా గట్టిపరిచేటప్పుడు పుట్టే, గుండెకు హాని చేసే కొవ్వులు) 2 శాతం మించకూడదని మన దేశంలో 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. అయినా ఒకే నూనెను మళ్లీ మళ్లీ కాస్తే మూకుడులోనే హానికర పదార్థాలు తయారవుతాయి. మొదటి రోజు అరిసెలు, రెండో రోజు జంతికలు, మూడో రోజు గారెలు అదే నూనెలో వేయడం మానండి. తక్కువ నూనె పోసి చిన్న మూకుడులో వేయిస్తే పారబోయాల్సిందీ తక్కువే ఉంటుంది.

"నేను సన్నగా ఉన్నాను, నాకేం కాదు" అనేవారికి ఒక ఉదాహరణ. 2004లో లాన్సెట్ పత్రికలో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకూ బరువుకూ ఉన్న నిష్పత్తి, సరిగ్గా 22.3. కానీ యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. మన శరీరాలు సన్నగా కనిపిస్తూనే పొట్ట చుట్టూ, లోపలి అవయవాల్లో కొవ్వును దాచుకుంటాయి. తూకం కన్నా టేపు నమ్మదగినది. నడుము కొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) 500 దాటాయని గతంలో తేలినవారు పండుగకు ముందే వైద్యుణ్ణి కలవాలి. అంత ఎక్కువగా ఉన్నప్పుడు కొవ్వుతో కూడిన ఒక భారీ విందు పాంక్రియాస్ (క్లోమం) వాపుకు దారితీయవచ్చు. పైకడుపులో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు దాని లక్షణాలు. బరువు తగ్గడానికో షుగర్‌కో సెమాగ్లుటైడ్ లాంటి మందులు వాడేవారికి వేపుళ్లతో వికారం, వాంతులు ఎక్కువవుతాయి. పండుగయ్యాక ప్రాయశ్చిత్తంగా అన్నం పూర్తిగా మానేసి కొబ్బరి నూనె, నెయ్యి మీదనే బతికే పద్ధతులకు దిగేవారూ ఉన్నారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మందులు వాడుతూ అలా చేస్తే షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారే ప్రాణాంతక స్థితి రావచ్చు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ప్రయాణం మానండి గానీ నడక మానకండి. భోజనం తర్వాత పదిహేను నిమిషాలు వీధి చివరిదాకా వెళ్లి వచ్చినా కండరాలు చక్కెరను వాడుకుంటాయి. ఆ నడకలో గానీ, విందు తర్వాత పడుకున్నప్పుడు గానీ ఛాతీలో బరువు, దవడ నొప్పి, ఆయాసం, చల్లని చెమట, అకారణమైన నీరసం కనిపిస్తే "గారెలు ఎక్కువయ్యాయి, గ్యాస్" అని సోడా తాగించి కూర్చోబెట్టవద్దు. చాలాకాలంగా షుగర్ ఉన్నవారికి నరాలు దెబ్బతిని గుండెపోటులో ఛాతీ నొప్పి రాకపోవచ్చు కూడా. చుట్టాలు ఎంతమంది ఉన్నా, రాత్రి ఎంతయినా వెంటనే 108కి ఫోన్ చేసి ఈసీజీ తీయించండి.