హిమాలయన్ బైక్ బ్రేకులు ఇంట్లోనే అప్‌గ్రేడ్ చేసుకోవడం ఎలా?

అనంతగిరి ఘాట్ దిగుతున్నాం. ఎస్.కోట ఇంకా చాలా దూరం. ఒక మలుపు దగ్గర ముందు బ్రేక్ నొక్కితే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. వెనక మా ఆవిడ, రెండు పక్కలా నిండు బ్యాగులు. గబగబా మూడుసార్లు నొక్కితే కొంచెం పట్టింది. సెకండ్ గేర్‌లోకి దించి, వెనక బ్రేక్ మీద ఎలాగో ఆపి బండి పక్కన పెట్టాను. అరగంట చల్లారాక లివర్ మళ్లీ మామూలుగా గట్టిగా ఉంది. "బాగైపోయిందిగా, పదండి" అంది తను. బాగవలేదు, చల్లబడిందంతే. ఇంటికొచ్చి బ్రేక్ ఆయిల్ ఉండే చిన్న డబ్బా (రిజర్వాయర్) మూత తీసి చూస్తే ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. దాన్ని రెండుసార్లు మార్చినట్టు సర్వీసు బిల్లుల్లో మాత్రం రాసి ఉంది.

ఆ రోజు నుంచి నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బ్రేకుల పని నేనే చేసుకుంటున్నాను. ముందు 300 మిల్లీమీటర్ల డిస్క్, రెండు పిస్టన్ల క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం). వెనక 240 మిల్లీమీటర్ల డిస్క్, ఒక పిస్టన్. ఒంటరిగా ఊళ్లో తిరగడానికి ఇవి చాలు. లగేజీ వేసుకుని ఇద్దరు ఎక్కినప్పుడే వీటి పస తెలుస్తుంది.

చిన్న లెక్క చూడండి. బండి సుమారు 200 కిలోలు, ఇద్దరు మనుషులు, సామాను కలిపితే 370 అవుతుంది. ఈ బరువుతో 80 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగాలంటే సుమారు 91 వేల జౌల్స్ శక్తి వేడిగా మారాలి. అదే బరువుతో కొండ మీంచి 850 మీటర్లు కిందికి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి 30 లక్షల జౌల్స్ దాటుతుంది. అంటే 80 వేగం నుంచి ముప్పైసార్లకు పైగా సడన్‌గా ఆగినంత. సరైన గేరులో దిగితే అందులో చాలా భాగం ఇంజిన్ మింగేస్తుంది. న్యూట్రల్‌లో దిగితే భారమంతా బ్రేకుల మీదే.

ఏం మార్చాలి, ఏం వద్దు

అప్‌గ్రేడ్ అనగానే చాలామంది పెద్ద డిస్క్, నాలుగు పిస్టన్ల క్యాలిపర్ అంటూ మొదలుపెడతారు. నేను వద్దంటాను. వాటికి కొత్త బ్రాకెట్లు కావాలి, మాస్టర్ సిలిండర్ (లివర్ నొక్కితే ఆయిల్‌ను నెట్టే భాగం) సైజు కూడా కుదరాలి. పైగా సడన్ బ్రేక్ వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను కంపెనీ ఆ బండిలో ఉన్న బ్రేకులకు తగ్గట్టు సెట్ చేస్తుంది. ఇంట్లో చేయదగ్గవి నాలుగే: క్యాలిపర్ శుభ్రం చేయడం, మంచి ప్యాడ్లు, స్టీల్ అల్లిక ఉన్న హోస్ పైపు, కొత్త బ్రేక్ ఆయిల్. టైర్లు అరిగిపోయి ఉంటే ముందు వాటి సంగతి చూడండి. రోడ్డును పట్టుకునేది చివరికి అవే.

ఇంకో మాట. ఇది బ్రేకుల పని, చైనుకు ఆయిల్ వేయడం లాంటిది కాదు. ఎప్పుడూ పానా పట్టనివాళ్లు మొదటిసారి తెలిసిన మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. బండి వారంటీలో ఉంటే హోస్ మార్చే ముందు ఒకసారి అడిగి కనుక్కోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

అలెన్ కీలు, సాకెట్లు, బ్లీడ్ నిపుల్‌కు (క్యాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర) సరిపోయే రింగ్ పానా, బోల్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచి. బ్రేక్ క్లీనర్ స్ప్రే, పాత టూత్ బ్రష్, సిలికాన్ గ్రీజు. హోస్ మార్చేట్టయితే కొత్త వాషర్లు. సీలు తీయని డాట్ 4 బ్రేక్ ఆయిల్ డబ్బా. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజి, చేపల తొట్టికి గాలి పంపే సన్నటి పారదర్శక పైపు ఒక మీటరు, ఖాళీ వాటర్ బాటిల్. ఒక బకెట్ నీళ్లు కూడా పక్కనే ఉంచుకోండి. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ను తినేస్తుంది. చుక్క పడితే తుడుస్తూ కూర్చోకుండా వెంటనే నీళ్లు పోసేయాలి. ట్యాంకు మీద పాత దుప్పటి కప్పడం ఇంకా మంచిది.

1. క్యాలిపర్ విప్పి శుభ్రం చేయడం

బండిని సెంటర్ స్టాండ్ మీద, చదునైన చోట నిలబెట్టండి. ప్యాడ్ పిన్ను క్యాలిపర్ ఫోర్కుకు బిగించి ఉండగానే కొంచెం వదులు చేసుకోండి. క్యాలిపర్ ఊడదీశాక చేత్తో పట్టుకుని ఆ పిన్ను తిప్పడం నరకం. తర్వాత రెండు బోల్టులు తీసి క్యాలిపర్‌ను డిస్క్ మీంచి లాగండి. హోస్ పైపు మీద వేలాడదీయకుండా తాడుతో కట్టి ఉంచండి.

ప్యాడ్లు తీశాక పిస్టన్లు చూడండి. బయటికి వచ్చిన భాగం చుట్టూ నల్లటి మట్టి గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని అలాగే లోపలికి నెడితే సీలు చెడిపోతుంది. అందుకే ముందు బ్రేక్ క్లీనర్ కొట్టి, బ్రష్‌తో రుద్ది, పిస్టన్ మెరిసేదాకా తుడవండి. పెట్రోలు, కిరోసిన్ వాడకండి, రబ్బరు ఉబ్బిపోతుంది. క్యాలిపర్ జారే పిన్నులు తీసి పాత గ్రీజు తుడిచి కొత్తగా సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. ఇది ఫ్లోటింగ్ క్యాలిపర్. పిస్టన్లు ఒకవైపే ఉంటాయి, ఆ పిన్నుల మీద జారితేనే రెండో ప్యాడ్ కూడా సమానంగా నొక్కుతుంది. నా బండిలో కింది పిన్ను పూర్తిగా ఎండిపోయి ఉంది. ఒక ప్యాడ్ సగం అరిగితే రెండోది దాదాపు కొత్తగానే ఉంది. కొత్త సామాను ఏదీ వేయకముందే, ఈ ఒక్క శుభ్రంతోనే బ్రేక్ తేడా తెలిసింది.

డిస్క్‌ను కూడా ఇప్పుడే చూసుకోండి. కనీస మందం ఎంతో డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. కొలిచేటప్పుడు అంచు దగ్గర కొలవొద్దు, అక్కడ ప్యాడ్ తగలదు కాబట్టి అరగదు. ప్యాడ్ రాసే దారిలో మందం ఆ అంకె కంటే తక్కువ వస్తే డిస్క్ మార్చాల్సిందే.

2. కొత్త ప్యాడ్లు

షాపులో మీకు ఆర్గానిక్, సింటర్డ్ అనే రెండు మాటలు ఎక్కువ వినిపిస్తాయి. ఆర్గానిక్ మెత్తగా పడుతుంది, డిస్క్‌ను అంతగా అరగదీయదు, కానీ ఎక్కువసేపు వేడెక్కితే పట్టు తగ్గుతుంది. సింటర్డ్ అంటే లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో ముద్దగా చేసింది. వేడికి, వానకు బాగా తట్టుకుంటుంది, డిస్క్‌ను మాత్రం కొంచెం త్వరగా అరగదీస్తుంది. ఘాట్లలో, వానాకాలంలో తిరిగేవాళ్లకు ముందు చక్రానికి సింటర్డ్ మంచిది. వెనక చక్రానికి నేను ఆర్గానిక్కే ఉంచాను. వెనక మరీ చురుగ్గా పట్టడం నాకు నచ్చదు.

ప్యాడ్ వెనక రేకు మీద కోడ్ చివర రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కినప్పటిది. జీ అంటే ఘర్షణ గుణకం (పట్టును చూపే అంకె) 0.45 నుంచి 0.55 మధ్య, హెచ్ అంటే 0.55 పైన. డబుల్ హెచ్ అని షాపువాళ్లు గొప్పగా చెప్పేది దీన్నే. రెండో అక్షరం మొదటిదానికంటే తక్కువైతే ఆ ప్యాడ్ ఘాట్ రోడ్డుకు పనికిరాదు.

పిస్టన్లు లోపలికి నెట్టే ముందు రిజర్వాయర్ మూత తీసి సిరంజితో కొంచెం ఆయిల్ లాగేయండి, లేకపోతే పొంగి పొర్లుతుంది. ఆ మూత స్క్రూల తలలు చాలా మెత్తన. సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టి, పైన చిన్నగా ఒకటి తట్టి తిప్పండి. ప్యాడ్లు పెట్టి, క్యాలిపర్ బోల్టులు సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. "చేతి బిగువు చాలు" అనే మాట ఇక్కడ పనికిరాదు. ప్యాడ్ మీద, డిస్క్ మీద గ్రీజు చేతులు పడితే బ్రేక్ క్లీనర్‌తో తుడవండి.

3. స్టీల్ హోస్

రబ్బరు హోస్ ఏళ్లు గడిచేకొద్దీ, లివర్ గట్టిగా నొక్కినప్పుడు కొంచెం ఉబ్బుతుంది. మీ వేళ్ల బలంలో కొంత ఆ ఉబ్బుకే పోతుంది. స్టీల్ అల్లిక ఉన్న హోస్‌లో లోపల టెఫ్లాన్ గొట్టం ఉంటుంది, ఉబ్బదు. అంతమాత్రాన ఆగే దూరం సగానికి తగ్గిపోదు. లివర్ ఎంత నొక్కితే ఎంత పడుతుందో వేలికి స్పష్టంగా తెలుస్తుంది, అంతే. పొడుగాటి ఘాట్ మీద అదే ముఖ్యం.

కొలతలోనే చాలామంది తప్పు చేస్తారు. ఈ బండి ముందు సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు ఆడుతుంది. స్టాండు మీద నిలబెట్టి కొలిచిన హోస్, గుంటలో చక్రం పూర్తిగా కిందికి జారినప్పుడు లాగేసుకుపోతుంది. ముందు చక్రం గాల్లో వేలాడేలా ఎత్తి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, కుడికి తిప్పి కొలవండి. పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్న హోస్ తీసుకోండి. వట్టి స్టీల్ అల్లిక ట్యాంకుకు రాసుకుంటే ఆకురాయిలా కోసేస్తుంది.

2018లో ఈ మోడల్‌కు ఏబీఎస్ వచ్చింది. మీది అంతకు ముందుదైతే ముందు హోస్ ఒక్కటే, తేలిక. ఏబీఎస్ బండిలో మాస్టర్ సిలిండర్ నుంచి ఏబీఎస్ యూనిట్‌కు ఒకటి, అక్కడి నుంచి క్యాలిపర్‌కు ఇంకొకటి. ఒకటి పూర్తిగా బిగించాకే రెండోది విప్పండి. హోస్ విప్పి ఉండగా కీ ఆన్ చేయకండి. యూనిట్‌లోకి గాలి దూరితే దాన్ని తీయడానికి సర్వీసు సెంటర్లోని మెషిన్ కావాల్సి రావచ్చు. అంత తలనొప్పి వద్దనుకుంటే హోస్ జోలికే పోకండి, మిగతా మూడు పనులూ చాలు. ఏబీఎస్ బండికి నేనిచ్చే సలహా కూడా అదే.

హోస్ చివర బాంజో బోల్టుకు (లోపల ఆయిల్ పారే బోలు బోల్టు) అటొకటి ఇటొకటి వాషర్లు ఉంటాయి. మెత్తటి లోహంతో చేసినవి, ఒకసారి నలిగితే వాటి పని అయిపోయినట్టే. పాతవి మళ్లీ వేస్తే ఆయిల్ చెమర్చుతుంది.

4. ఆయిల్ మార్చి గాలి తీయడం

ఘాట్‌లో నన్ను మోసం చేసింది ఇక్కడే. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాల్లోంచి తేమ పీలుస్తుంది. నీటి శాతం 3.7కు చేరేసరికి కనీస మరుగు స్థానం 155 డిగ్రీలు. అంటే క్యాలిపర్ కాగుతున్నప్పుడు లోపల ఆవిరి పుడుతుంది, లివర్ నొక్కితే ఆ ఆవిరే నలుగుతుంది, ప్యాడ్ కదలదు. డాట్ 5.1 ఇంకా ఎక్కువ వేడి తట్టుకుంటుంది, డాట్ 4తో కలుస్తుంది. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, పేరు దగ్గరగా ఉందని పొరపాటున కూడా పోయకండి. మాకైతే డాట్ 4నే రెండేళ్లకోసారి, విశాఖలాంటి తేమ ఊళ్లో ఏడాదికోసారి మార్చడం నయం.

హ్యాండిల్ తిప్పి రిజర్వాయర్ సమంగా ఉండేలా చూడండి. పాత ఆయిల్ సిరంజితో లాగి కొత్తది నింపండి. నిపుల్ మీద ముందు రింగ్ పానా పెట్టి, ఆ తర్వాత పైపు తొడగండి. పైపు రెండో కొస బాటిల్‌లో కొంచెం ఆయిల్లో మునిగి ఉండాలి. లివర్ మెల్లగా నొక్కి పట్టుకోండి, నిపుల్ పావు చుట్టు వదులు చేయండి. లివర్ కిందికి జారుతుంది, పైపులో నల్లటి ఆయిల్ కదులుతుంది. లివర్ వదలకుండానే నిపుల్ బిగించండి, అప్పుడు లివర్ వదలండి. ఈ వరస తప్పితే బయటి గాలి లోపలికి వస్తుంది. పక్కన ఒకరుంటే "నొక్కు, పట్టుకో, వదులు" అంటూ హాయిగా సాగుతుంది. మా అబ్బాయి పదిహేనోసారికి విసుక్కున్నాడు, అప్పుడే ఆవగింజంత బుడగలు వరసగా రావడం మొదలైంది.

నాలుగైదు నొక్కులకోసారి రిజర్వాయర్ చూడండి. అది ఖాళీ అయితే మొత్తం మళ్లీ మొదటికే. పైపులో లేత తేనె రంగు ఆయిల్, బుడగలు లేకుండా వచ్చేదాకా చేయండి. అయినా లివర్ కొంచెం మెత్తగా అనిపిస్తే, దాన్ని హ్యాండిల్‌కు రబ్బరు బ్యాండుతో లాగి కట్టి రాత్రంతా వదిలేయండి. మిగిలిన చిన్న బుడగలు పైకి చేరతాయి. పొద్దున ఇంకోసారి బ్లీడింగ్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అప్పటికీ మెత్తగానే ఉంటే బండి నడపొద్దు; ట్రాలీ మీద మెకానిక్ దగ్గరికి పంపండి. వెనక బ్రేక్‌కూ ఇదే పద్ధతి.

5. రోడ్డెక్కే ముందు

బండి కదలకముందే లివర్, పెడల్ గట్టిపడేదాకా నొక్కండి. కొత్త ప్యాడ్లు వేశాక మొదటి రెండు మూడు నొక్కులు ఖాళీగా పోతాయి. ఇది మరిచి గేటు దాటి వెళ్లి గోడకు కొట్టినవాళ్లు ఉన్నారు. లివర్‌ను ఒక నిమిషం బలంగా నొక్కి పట్టి ఉంచండి. మెల్లగా జారిపోతుంటే ఎక్కడో లీకు. బాంజోల చుట్టూ టిష్యూ కాగితం చుట్టి తీయండి, తడి కంటికి కనబడకపోయినా కాగితం మీద తెలిసిపోతుంది. ఏబీఎస్ లైటు బండి కదిలాక ఆరిపోవాలి.

ఖాళీ రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మధ్యలో కొంచెం దూరం చల్లారనిచ్చి పది సార్లు చేయండి. దీంతో ప్యాడ్ పొర డిస్క్ మీద సమంగా పడుతుంది. ఆ తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు అనవసరంగా సడన్ బ్రేకులు వేయకండి. వంద కిలోమీటర్లు తిరిగాక క్యాలిపర్, బాంజో బోల్టుల టార్క్ మళ్లీ చూసుకోండి.

తీసిన పాత ఆయిల్ కాలవలో పోయకుండా బాటిల్‌కు మూత బిగించి, పేరు రాసి, గ్యారేజీలో ఇవ్వండి. సగం మిగిలిన డబ్బాను వచ్చే ఏడాదికి దాచుకోవడం కూడా దండగే, తేమ పీల్చేసి ఉంటుంది. మార్చిన తేదీ ఒక స్టిక్కర్ మీద రాసి సీటు కింద అంటించాను. ఈసారి బిల్లులో ఏం రాసినా, నేను చూసేది ఆ స్టిక్కరే.