పొద్దున్నే స్టార్టయి ఆగిపోయే బండి: ఎప్పుడు ఆగుతోందో చూడండి

విశాఖ లాసన్స్ బే కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తొమ్మిది బైకులుంటాయి. పొద్దున్న ఏడున్నరకి వాటిలో ఏదో ఒకటి స్టార్టయి, రెండుసార్లు దగ్గి, ఆగిపోతుంది. "చలికి అంతేనండీ" అంటారు. కానీ మన దగ్గర, సముద్రం పక్కన, జనవరిలో కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. ఆ మాత్రం చలికి కండిషన్‌లో ఉన్న బండి ఆగదు.

రాత్రంతా చల్లారిన ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. అందుకే మొదటి నిమిషంలో గాలికి తగ్గట్టు కాస్త ఎక్కువ పెట్రోలు అందాలి. అందకపోయినా, మరీ ఎక్కువైనా ఇంజన్ ఆగిపోతుంది. వేడెక్కాక కనిపించని చిన్న లోపం పొద్దున్నే బయటపడేది ఇందుకే. కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు మూడు రోజులు గమనించండి. స్టార్టయిన ఎన్ని సెకన్లకి ఆగింది? చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోలు పాలు పెంచే మీట) వేసి ఉందా, తీసేశారా? యాక్సిలరేటర్ ఇస్తే నిలబడిందా, ఇంకా తొందరగా ఆగిందా? ఫోన్‌లో రాసిపెట్టుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది.

చోక్ వేస్తే నడుస్తుంది, తీస్తే ఆగిపోతుంది

కార్బొరేటర్ (గాలిలో పెట్రోలు కలిపే భాగం) ఉన్న బండ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. నా 150 సీసీ బండికి వచ్చిందీ ఇదే. ఐదు నిమిషాలైనా చోక్ తీయనిచ్చేది కాదు. చూపిస్తే, మెకానిక్ ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) స్క్రూ తిప్పి స్పీడ్ పెంచి పంపించేశాడు. పొద్దున్న ఆగడం తగ్గింది కానీ, మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి ఊరికే రయ్‌మని అరిచేది, మైలేజీ పడిపోయింది. లోపం ఉన్నచోటే ఉంది, పైకి కనపడకుండా పోయిందంతే.

చోక్‌తో నడిచి, అది లేకుండా ఆగుతోందంటే పెట్రోలు తక్కువ అందుతోందని అర్థం. ఐడ్లింగ్‌లో ఇంజన్‌కి పెట్రోలు ఇచ్చేది పైలట్ జెట్. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నా బండి కార్బొరేటర్ దింపి, ఆ జెట్ తీసి ట్యూబ్‌లైట్ వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి వైపు వెలుగే కనపడలేదు. కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె అడుగున పచ్చటి పొడి, జిగురు లాంటి పొర. నెలన్నర బండి తీయకుండా ఉంచిన ఫలితం అది. పెట్రోలు ఆరిపోయి జిగురైంది, తేమకి లోహం చిలుము పట్టింది.

జెట్‌ని కార్బొరేటర్ క్లీనర్‌లో కాసేపు నానబెట్టి, గాలి కొట్టించండి. అప్పటికీ తెరుచుకోకపోతే పాత కరెంటు తీగలోంచి ఒక్క రాగి పోగు లాగి, దాంతో మెల్లగా పొడవండి. సూది, పిన్నీసు మాత్రం వద్దు. రంధ్రం పెద్దదైతే ఇక ఆ జెట్ పనికిరాదు. శుభ్రం చేశాక కన్ను దగ్గర పెట్టుకుని చూస్తే చుక్కంత గుండ్రటి వెలుగు కనపడాలి. నాకు ఆ చుక్క కనపడిన మర్నాడు ఒక్క నిమిషానికే చోక్ తీసేశాను, బండి ఆగలేదు. ఐడ్లింగ్ స్క్రూ మళ్లీ పాత చోటికి తిప్పడం మర్చిపోకండి.

జెట్ బాగానే ఉంటే, కార్బొరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు జాయింట్‌ని వేళ్లతో వంచి చూడండి. పగుళ్లుంటే అక్కణ్ణుంచి దొంగగాలి లోపలికి పోతోంది. అతికించకండి, కొత్తది వేయించండి.

చోక్ వేసి ఉండగానే ఆగిపోతుంది, పెట్రోలు వాసన వస్తుంది

ఇది పై దానికి పూర్తిగా ఉల్టా. పెట్రోలు ఎక్కువైపోతోంది. స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. కొస తడిగా, నల్లటి మసితో ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ముందు ఎయిర్ ఫిల్టర్ తీయండి. జ్ఞానాపురం, ఓల్డ్ టౌన్ వైపు ఉండేవాళ్లకి డాబా మీద నల్ల దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు, అదే ఫిల్టర్‌లోనూ చేరుతుంది. కాగితం ఫిల్టర్ అయితే నీళ్లతో కడగకూడదు, మార్చేయాలి. ఫిల్టర్ శుభ్రంగానే ఉంటే చోక్ కేబుల్ పూర్తిగా వెనక్కి వస్తోందో లేదో చూడండి. ఆ తర్వాత ఫ్లోట్ నీడిల్, అంటే గిన్నె నిండగానే పెట్రోలుని ఆపే సూది. అది అరిగితే రాత్రంతా పెట్రోలు కారి ఓవర్‌ఫ్లో అవుతుంది. రాత్రి పెట్రోలు కాక్ ఆఫ్ చేసి పెట్టండి. మర్నాడు బండి చక్కగా నిలబడితే దొంగ దొరికినట్టే.

గేరు వేయగానే ఆగిపోతుంది

సైడ్ స్టాండ్ దించి ఉంటే గేరు వేయగానే ఇంజన్ ఆగేలా చాలా కొత్త బండ్లలో స్విచ్ ఉంటుంది. స్టాండ్ ఎత్తినా ఆగుతుంటే ఆ స్విచ్ మీద అనుమానం. బీచ్ రోడ్డు పక్కన, ఉప్పుగాలిలో ఉండే బండ్లకి ఇది తప్పదు. స్టాండ్‌ని నాలుగైదుసార్లు ఎత్తి దించి చూడండి. తేడా కనపడితే మట్టి కడిగి, ఆరనిచ్చి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

ఎఫ్ఐ బండి

2020 ఏప్రిల్‌లో బీఎస్6 (పొగ కాలుష్యం నియమాలు) వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఎఫ్ఐవే, అంటే కార్బొరేటర్ బదులు ఇంజెక్టర్ పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లే. వీటికి చేత్తో వేసే చోక్ ఉండదు, సెన్సర్ వేడి చూసి పెట్రోలు తనే పెంచుకుంటుంది. తాళం తిప్పగానే సెల్ఫ్ నొక్కేయకండి. ట్యాంకులోంచి పంపు "జుయ్" అని రెండు మూడు సెకన్లు మోగుతుంది, అది ఆగాక నొక్కండి. ఆ శబ్దమే లేకపోతే ముందు చూడాల్సింది ఫ్యూజు, బ్యాటరీ. రాత్రంతా ఆగి ఉన్న బ్యాటరీ 12.4 వోల్టుల కన్నా తక్కువ చూపిస్తే ఛార్జింగ్ పెట్టించండి.

యాక్సిలరేటర్ కాస్త పట్టుకుంటేనే నిలబడి, వదిలితే ఆగుతుంటే థ్రాటిల్ బాడీలో (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) మసి పేరుకుని ఉంటుంది, లేదా ఐడ్లింగ్ గాలి వాల్వ్ ఇరుక్కుని ఉంటుంది. ఇంజన్ లైటు ఆరకుండా వెలుగుతుంటే స్కానర్ ఉన్న షాపుకే తీసుకెళ్లండి. ఎఫ్ఐ బండి పెట్రోలు పైపు మాత్రం ఇంట్లో పీకొద్దు, లోపల ప్రెషర్ ఉంటుంది, మీద చిమ్ముతుంది.

వాన పడ్డ మర్నాడే ఆగుతోందా?

అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో ఇది మామూలు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది నీటిని లాక్కుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి, ఇంజన్‌కి వెళ్లే పెట్రోలు వచ్చేదీ ఆ అడుగు నుంచే. కార్బొరేటర్ కింద డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు సీసాలోకి పట్టి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనపడితే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. ట్యాంకు మూత రబ్బరు కూడా చూడండి, నీరు దిగేది చాలాసార్లు అక్కణ్ణుంచే. ఈ పనంతా ఆరుబయట, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయండి. సెల్లార్‌లో తలుపులు మూసి ఇంజన్ నడపడం ప్రాణాలకే ప్రమాదం.

అరకు, లంబసింగి వెళ్లి రాత్రి బస చేసినప్పుడు మాత్రం నిజంగానే చలి. అక్కడ చోక్ ఎక్కువసేపు పట్టినా కంగారు పడక్కర్లేదు.

ఇవన్నీ చూశాక కూడా ఆగుతుంటే మిగిలింది వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందు), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే బలం). అవి మెకానిక్ చూడాల్సినవి. కానీ బండిని నడుపుకుంటూ వెళ్లి చూపిస్తే, షాపు చేరేసరికి ఇంజన్ వేడెక్కి ఉంటుంది, "బాగానే ఉంది కదండీ" అంటాడు. క్లియరెన్స్ కొలవాల్సిందీ చల్లటి ఇంజన్ మీదే. రాత్రికి బండి అక్కడే వదిలేసి, పొద్దున్న షాపు తీయగానే మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పి రండి.