మొదటి జీతం క్లాసు: ఉద్యోగం నిలబెట్టుకోవడం, డబ్బు చూసుకోవడం ఊళ్లోనే ఎలా నేర్పాలి

కావలి, సింగరాయకొండ మధ్య మా వైపు పిల్లలకు ఉద్యోగాలు రావట్లేదని అందరూ అంటారు గానీ నేను చూసిన గొడవ వేరు. ఉద్యోగం వస్తుంది, తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కుతారు, రెండు నెలలు తిరక్కుండానే మళ్లీ ఇంట్లో మంచం మీద ఫోన్ చూసుకుంటూ కనిపిస్తారు. ఏందబ్బాయ్ అంటే "సెట్ కాలేదన్నా" అంటారు. కాస్త కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. అమ్మమ్మ పోయిందని మూడు రోజులు పనికి వెళ్లలేదు, ఫోన్ చేసి చెప్పనూ లేదు, నాలుగో రోజు సూపర్‌వైజర్ అందరి ముందు అరిచాడు, ఐదో రోజు నుంచి వీడు బస్సెక్కలేదు. ఈలోపు కంతుల మీద కొన్న ఫోన్ మాత్రం ఇంకా పది నెలల బాకీ ఉంటుంది, దాన్ని వాళ్లమ్మ కడుతుంది.

అందుకే ఈ రెండూ విడివిడిగా నేర్పొద్దని నా అభిప్రాయం. ఉద్యోగంలో మాట తీరు ఒక వారం, డబ్బు ఇంకో వారం అని ఇద్దరు వేర్వేరు మనుషుల్ని పిలిచి చెప్పిస్తే పిల్లలకు అతకదు. మేం మా ఊరి లైబ్రరీలో మూడేళ్లుగా పెడుతున్న క్లాసు సంగతి చెప్తాను, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు పేరు. "సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ" అని గోడకు కాగితం అంటిస్తే మొదటిసారి నలుగురొచ్చారు, అందులో ఇద్దరు సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగి వెళ్లిపోయారు. తర్వాత "మొదటి జీతం క్లాసు" అని రాస్తే పద్దెనిమిది మంది. అంతకు మించి కూర్చోబెట్టొద్దు, ఎందుకంటే ఇందులో ప్రతి ఒక్కరూ లేచి చేసి చూపించాల్సిన పనులే ఎక్కువ. వారానికి రెండు సాయంత్రాలు, ఆరు వారాలు చాలు. వరి కోతలప్పుడు, రొయ్యల పట్టుబడులప్పుడు పెట్టుకోకండి, ఎవరూ రారు, వచ్చినా నిద్రపోతారు. ఆడపిల్లల కోసమైతే పొదుపు గ్రూపు మీటింగ్ జరిగే వరండానే మంచిది, అమ్మలు అక్కడే ఉంటారు కాబట్టి యాడికి పోతున్నావనే ప్రశ్న రాదు. ఊళ్లో పొదుపు గ్రూపుల పనులు చూసే గ్రామ సమాఖ్య యానిమేటర్‌ను ముందు కలవండి. ఆమెకు నచ్చితే మీరు కాగితాలు అంటించే పని కూడా ఉండదు.

మొదటి రోజు ఉపన్యాసం వద్దు. రెండు కుర్చీలు వీపులు కలిసేలా వెయ్యండి, ఒకరి మొహం ఒకరికి కనపడకూడదు, ఫోన్‌లో కనపడదు కదా. ఒక కుర్చీలో సూపర్‌వైజర్, ఇంకో దాంట్లో సెలవు కావాల్సిన మనిషి. మొదటిసారి దాదాపు అందరూ ఇలాగే మొదలుపెడతారు:

"సార్… అదీ… ఇంట్లో కొంచెం ప్రాబ్లం సార్."
"ఎవరయ్యా నువ్వు?"
"నేనే సార్."

అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి, కాసేపటికి నవ్విన వాళ్లూ ఆ కుర్చీలో ఇరుక్కుంటారు. నాలుగైదుసార్లు తిప్పి తిప్పి చేయించాక మాట ఇలా తేలుతుంది: "నమస్తే సార్, ప్యాకింగ్ రెండో లైన్, టోకెన్ నంబర్ 214. మా అమ్మమ్మ చనిపోయారు. ఈరోజు నుంచి మూడు రోజులు రాలేను. శుక్రవారం మొదటి షిఫ్ట్‌కి వస్తాను." నేనెవరు, ఎందుకు రాను, మళ్లీ ఎప్పుడొస్తాను, అంతే. ఫోన్ ఎత్తకపోతే అదే మాట వాట్సాప్‌లో వాయిస్ పెట్టాలి, షిఫ్ట్ మొదలవకముందే పెట్టాలి. పిల్లల యాస మీద మాత్రం చెయ్యి పెట్టకండి. "ఏంది" అన్నంత మాత్రాన ఎవరి ఉద్యోగమూ పోలేదు, సమయానికి చెప్పకపోతే పోయింది.

రెండో ఆట, అర్థం కాలేదని చెప్పడం. సూపర్‌వైజర్ తమిళమో హిందీయో కలిపి గబగబా చెప్తాడు, మనవాళ్లు తలూపుతారు, అరగంట తర్వాత సరుకంతా తప్పు డబ్బాలో ఉంటుంది. "సార్, ఇంకోసారి చెప్పండి, నేను తిరిగి చెప్తాను, సరిగ్గా ఉందో లేదో చూడండి" అనే ముక్క నోటికి వచ్చేదాకా చేయించాలి. వినడానికి చిన్నదే గానీ ఇంటర్ పాసైన పిల్లలకు కూడా ఇది నోరు దాటి రాదు, బళ్లో ప్రశ్న అడిగితే కూర్చోమనే కదా మనకు అలవాటు చేసింది.

తిట్లు పడటం కూడా ఆడిస్తాం. పని తప్పు జరిగిందని అరవడం వేరు, కులం పేరెత్తడం, ఆడపిల్ల మీద చెయ్యి వెయ్యడం వేరు, ఈ తేడా గట్టిగా చెప్పాలి. మొదటిదానికి "తప్పు జరిగింది సార్, ఇప్పుడు సరిచేస్తాను" అని పనిలో పడాలి. రెండోదానికి సర్దుకుపొమ్మని ఎవరూ చెప్పకూడదు. పది మంది, ఆ పైన పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది, చేరిన వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో నోటీసు బోర్డు మీద చూసుకోమనండి.

నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి, ఉద్యోగం కోరుకునే వాళ్లు పట్టుకునే ఉద్యోగ రొట్టె పట్టుకొచ్చిన కుర్రాడు ఒకడు మా బ్యాచ్‌లో ఉన్నాడు, ఉద్యోగం వచ్చింది కూడా. నిలబెట్టుకునే రొట్టె అక్కడ దొరకదురా అని వాణ్ని ఏడిపిస్తుంటాం.

మూడో వారం జీతం కాగితం. ఇప్పటికే పనిచేస్తున్న వాళ్ల దగ్గర పే స్లిప్ తీసుకుని, పేరు కొట్టేసి, జిరాక్స్‌లు పంచండి. ఏజెంట్ చెప్పింది 14 వేలు, చేతికొచ్చింది పన్నెండున్నర, మిగతాది కంపెనీ తినేసిందని పిల్లలు మానేసి వచ్చేది ఇక్కడే. బోర్డు మీద లెక్క వెయ్యండి. అసలు జీతం బేసిక్, కరువు భత్యం డీఏ కలిపి 12 వేలైతే, రేపటి కోసం దాచే పీఎఫ్ 12 శాతం, అంటే 1,440. జీతం మొత్తం 14 వేల మీద, వైద్యం కోసం పట్టుకునే ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 105. చేతికి 12,455. క్యాంటీన్, బస్సు కోతలుంటే ఇంకొంచెం తగ్గుతుంది. పీఎఫ్‌కు కంపెనీ కూడా 12 శాతం వెయ్యాలి, అందులో కొంత పెన్షన్‌కు పోతుంది. ఈఎస్ఐకి కంపెనీ వాటా 3.25 శాతం. పోయిందనుకున్న డబ్బు నిజంగా తన ఖాతాలో పడుతోందో లేదో తెలుసుకోవాలంటే, యూఏఎన్‌కు, అంటే తన పీఎఫ్ నంబరుకు, లింకైన ఫోన్ నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వస్తుంది. క్లాసులో ఒకరి చేత ఆ కాల్ చేయించండి, ఆ మెసేజ్ టింగుమని వచ్చినప్పుడు గదిలో వాళ్ల మొహాలు చూడాలి. ఇంకో సంగతి, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి పాస్‌బుక్‌లో ఒక్క అక్షరమే ఉంటే తర్వాత పీఎఫ్ తీసుకునేటప్పుడు నరకం, అది చేరకముందే సరిచేయించుకోవాలి.

ఇక అప్పు. ఇక్కడ మీరు పక్కకు తప్పుకుని పొదుపు గ్రూపు లీడరమ్మను పిలవండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి గ్రూపులు పుట్టాయి. ఆ తరం వాళ్లు ఇంకా ఊళ్లలో ఉన్నారు, వడ్డీ గురించి వాళ్లకు తెలిసినంత ఏ బ్యాంకు మనిషికీ తెలీదు. మా క్లాసుకు వచ్చిన ఆమె చింతగింజలు తెచ్చి బల్ల మీద పోసింది. డైలీ ఫైనాన్స్ వాడు పదివేల అప్పని చెప్పి చేతికి 8,500 ఇస్తాడు, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తాడు. ఎంత వడ్డీరా అంటే పిల్లలు "పదివేలకు పదిహేను వందలే కదా" అన్నారు. ఆమె పది గింజలు ఒక కుప్పగా పెట్టి ఒక్కొక్కటీ తీసేస్తూ "ఇదిగో, సగం రోజులయ్యేసరికి వాడి డబ్బు నీ దగ్గర సగమే ఉంది, వడ్డీ మాత్రం మొత్తానికి కట్టావు" అంది. లెక్క వేస్తే సగటున చేతిలో ఉన్నది 4,250, దాని మీద వంద రోజులకు 1,500. నెలకు నూటికి పది రూపాయలు దాటింది. రెండు రూపాయల వడ్డీ అంటేనే ఏడాదికి 24 శాతం అని అప్పటిదాకా వాళ్లలో సగం మందికి తట్టలేదు.

పొదుపుకు పెద్ద సూత్రాలేమీ చెప్పను. జీతం పడిన రోజే పోస్టాఫీసు ఆర్‌డీకి, అంటే నెలనెలా కట్టే డిపాజిట్‌కి, పక్కన పెట్టడం, నెలకు వందతో మొదలుపెట్టొచ్చు, ఐదేళ్లు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ రెండేసి లక్షలకు. ఇంట్లో ఎంతివ్వాలి, తనకెంత ఉంచుకోవాలి అనేది మాత్రం తేలిక కాదు, అది అమ్మానాన్నల ముందే మాట్లాడించాలి, లేకపోతే ఆడపిల్ల జీతం మొత్తం అన్న బైక్ కంతులకు పోతుంది. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదని, మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలని ప్రతి క్లాసు చివరా ఒకసారి గట్టిగా అనిపిస్తాం, ఎక్కాల్లాగా.

బయటి వాళ్లను పిలిచేటప్పుడు జాగ్రత్త. జిల్లా లీడ్ బ్యాంకు ఆఫీసులో అడిగితే ఆర్థిక అక్షరాస్యత కౌన్సెలర్‌ను పంపుతారు, ఖర్చుండదు. మేం ఒకసారి ఎవరో చెప్పారని ఒకాయన్ని పిలిస్తే గంట మంచి మాటలు చెప్పి చివర్లో సంచిలోంచి పాలసీ ఫారాలు తీశాడు, ముగ్గురు పిల్లలు సంతకం కూడా పెట్టేశారు. అప్పటి నుంచి ఒకటే రూలు, క్లాసులో ఎవరూ ఏమీ అమ్మకూడదు, నా తమ్ముడైనా సరే.

ఆరు వారాలు అయిపోగానే వదిలెయ్యకండి, అసలు పని ఉద్యోగంలో చేరాక మొదటి తొంభై రోజులది. బ్యాచ్‌కో వాట్సాప్ గ్రూపు, నెలకో ఆదివారం టీ. అక్కడ మానేద్దామనుకుంటున్న వాణ్ని పక్కవాడే ఆపుతాడు, మీరు మధ్యలో దూరక్కర్లేదు. తొంభై రోజులు నిలబడ్డ వాళ్లను కొత్త బ్యాచ్‌కు సూపర్‌వైజర్ కుర్చీలో కూర్చోబెడతాం. అమ్మమ్మ పోయిందని ఫోన్ చెయ్యని ఆ కుర్రాడే మొన్న సంక్రాంతి తర్వాతి బ్యాచ్‌లో కూర్చుని "టోకెన్ నంబర్ చెప్పకుండా సెలవేందయ్యా నీకు?" అని ఎంత గట్టిగా అరిచాడంటే, బయట రోడ్డు మీద పోయే వాళ్లు ఆగి లోపలికి తొంగి చూశారు.