గొల్లభామ కుబుసం విడుస్తూ జారి పడుతుంటే

విజయనగరంలో డాబా మీది బెండ మొక్కల్లో దొరికిన పిల్ల గొల్లభామని ప్లాస్టిక్ డబ్బాలో పెంచుతున్నాను. కుబుసం విడిచిన ప్రతిసారీ ఏదో ఒక కాలు వంకర. తేమ చాలట్లేదనుకుని నీళ్లు కొడుతూ పోయాను. తప్పు నీళ్లది కాదు, మూతది.

ఇది తలకిందులుగా వేలాడి, పాత తోలులోంచి కిందికి జారుతూ బయటికొస్తుంది. నున్నటి ప్లాస్టిక్ మూతకి దాని గోళ్లు పట్టవు. మూత మధ్యలో కోసేసి దోమతెర గుడ్డ బిగించాను. దాని కింద ఖాళీ, పురుగు పొడవుకి మూడు రెట్లు ఉండాలి: 5 సెంటీమీటర్ల దానికి 15. పుల్లలు అడ్డంగా పెడితే దిగేటప్పుడు తగులుతాయి.

తిండి మానేసిందంటే కుబుసం దగ్గరపడినట్టే. డబ్బాలో మిగిలిన మిడతను వెంటనే తీసేయాలి, లేకపోతే మెత్తగా ఉన్న గొల్లభామను అదే కొరికేస్తుంది! పొద్దున ఒకసారి గోడలకి తుంపర చాలు, ఫ్యాన్ గాలి తగలనీయొద్దు. బయటికొచ్చాక ఒక రోజంతా ముట్టుకోవద్దు, మేతా వేయొద్దు.

వంకర తిరిగిన కాలా? పిల్లదైతే తర్వాతి కుబుసాల్లో చాలావరకు సర్దుకుంటుంది. రెక్కలొచ్చాక కుదరదు, దానికిక కుబుసం లేదు. మేతకి ఈగలు మగ్గిన అరటితొక్క దగ్గరే దొరుకుతాయి. మందు కొట్టిన జీడితోట మిడతలు మాత్రం వద్దు.